ఏడో దెబ్బ ఖాళీ

"మాస్టారూ, నా పాట ఇంకా గాల్లో ఉండగానే మీ బండి వచ్చి దాని మీద ఎక్కేస్తోందండీ," అంది అక్కగారు వయొలిన్‌ని ఒళ్ళో పెట్టుకుని. పొద్దుటి నుంచి ఆ మాట అనడం అది నాలుగోసారి.

మాస్టారు వెంటనే ఆపలేదు. కమానుని వెనక్కి తిప్పి, వెంట్రుకలతో కాకుండా కర్రతో, ఎడమచేత్తో నొక్కిపట్టిన తీగల మీద టకటకమని కొట్టుకుంటూ పోయి, ముందున్న స్వరాల కాగితం మీద తర్వాతి నిలువుగీత వచ్చాకే చెయ్యి దించాడు. రెండు నిలువుగీతల మధ్య గదిని వాళ్ళు బార్ అంటారు. ఇల్లంటుకున్నా ఆయన బార్ మధ్యలో ఆపే మనిషి కాదు.

ఆయన వాయించేది వయోలా. వయొలిన్‌కి అన్నగారి లాంటిది, ఒళ్ళు కాస్త పెద్దది, గొంతు బొంగురు. పాట దాని వంతుకి ఎప్పుడోగాని రాదు. తక్కిన సేపంతా ఖాళీ బార్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుని, సరిగ్గా తన చోటు రాగానే అందుకోవాలి. ముప్ఫయ్యేళ్ళలో ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు కాబట్టి ఆయనకి లెక్కల మాస్టారన్న పేరొచ్చింది. అంతేగాని ఎవరికీ ఒక్క కూడిక నేర్పిన పాపాన పోలేదు.

"అది కావాలనే రాశానండీ అక్కగారూ," అంది స్వరకర్త. ముప్ఫై నిండని పిల్ల. చెవి మీద ఒక పెన్సిలు, జుట్టులో ఒక పెన్సిలు పెట్టుకుని మూడోదాని కోసం కాగితాల కింద వెతుకుతోంది. "ఇల్లంటే అంతే కదా. ఒకరి చప్పుడు మీద ఇంకొకరి చప్పుడు పడుతుంది. మీ పాట నలగాలి. నలిగితేనే అందం."

"నలిగేది నీ పాట కాదుగా, అందుకే అందంగా ఉంది," అంది అక్కగారు. ఆవిడకి అరవై దాటాయి. నలుగురికీ పెద్దదిక్కు ఆవిడే. రెండో వయొలిన్ వాయించేది ఆవిడ సొంత తమ్ముడు. వాడు అక్కా అక్కా అంటూ ఉంటే ఊరందరికీ అక్కగారైపోయింది. నాలుగోవాడు చెల్లో అనే, నేల మీద నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది వాయించే భారీకాయుడు. విరామం ఇచ్చారంటే చాలు, చెల్లో భుజానికి ఆనుకుని నిద్రపోతాడు. ఆయన్ని గుర్రు అంటారు, ఆయనా పలుకుతాడు.

మూడు నెలలుగా ఆ గదిలో జరుగుతున్న పని ఇది. పాత గోదాం పై అంతస్తు. చెల్లో అడుగు స్వరం పట్టినప్పుడల్లా కిటికీ అద్దం ఒకటి జీమని వణుకుతుంటే, తమ్ముడు దాని సందులో మడిచిన కాగితం దోపాడు. ఆ పిల్ల మొదటిరోజు ఖాళీ కాగితాలతో వచ్చింది. స్వరాలు తీసుకొస్తుందనుకున్న నలుగురూ ముఖముఖాలు చూసుకున్నారు. "మీ మీ ఇళ్ళలోంచి తలా ఒక చప్పుడు తీసుకురండి, కలిసి రాద్దాం," అంది. అక్కగారు మేడమెట్ల తలుపు కిర్రుమనడం తెచ్చింది. తమ్ముడు కారే కుళాయి తెచ్చాడు. గుర్రుగారు ఏమీ తేవడం మరిచిపోతే వాళ్ళావిడే ఆయన గురక రికార్డు చేసి పంపింది. అది చెల్లో మీద ఎంత గంభీరంగా పలికిందంటే ఆయన స్వయంగా, "ఇది నేనా?" అని మురిసిపోయాడు.

మాస్టారు తెచ్చింది కుట్టుమెషీను. తెచ్చాడంటే, రికార్డేమీ లేదు. ఆయన భార్య ఇంటి వెనక గదిలో ముప్ఫయ్యేళ్ళు కుట్టిన తొక్కుడు మెషీను. ఆవిడ పోయి పద్నాలుగు నెలలైంది. చప్పుడు ఆయన చెవిలో మిగిలింది. బల్ల మీద వేళ్ళతో వాయించి చూపించాడు. టకటక టకటక టకటక, అంతలో ఆగుతుంది. మళ్ళీ చేత్తో చక్రం తిప్పినట్టు టక్... టక్... అని మెల్లగా మొదలై టకటకలోకి పోతుంది.

"ఆ నత్తి బావుంది మాస్టారూ. ఎందుకలా ఆగుతుంది?" అని అడిగింది ఆ పిల్ల ఫోను దగ్గరగా పెట్టి.

"పాత మెషీనమ్మా. బెల్టు అతుకు చక్రం మీదికి వచ్చినప్పుడు పట్టేసేదనుకుంటాను. నేను ముందు గదిలో సాధన చేసుకుంటుంటే అది అలా మొత్తుకుంటూనే ఉండేది. మా ఇంట్లో రెండు వాయిద్యాలు, ఒకటి నేను వాయించేది, రెండోది నన్ను వాయించేది అనేవాణ్ణి అందరితో."

అందరూ నవ్వారు. ఆ పిల్ల ఇంటికెళ్ళి దాన్ని ఏడు దెబ్బల నడకగా రాసుకొచ్చింది. ఆరు దెబ్బలు మెషీను, ఏడోది ఖాళీ. ఆ ఖాళీ అవగానే మెషీను మళ్ళీ మొదలవుతుంది. సరిగ్గా అప్పుడు అక్కగారి పాట ఇంకో రెండు దెబ్బల దూరంలో ముగియబోతూ ఉంటుంది. అలాంటి చోట్లు మొత్తం పదకొండు. తీగల మీద గోటితో కొట్టి చూశారు, పెన్సిలుతో కొట్టి చూశారు, చివరికి కమాను కర్ర బాగుందన్నారు. మాస్టారు ఇంట్లో ఆ పదకొండు చోట్లనీ రోజుకి నలభైసార్లు కొట్టేవాడు. సాధన కాదది. ఆ పావుగంటా ఇల్లు ఇల్లులా ఉండేది. ఆవిడ ఫొటో పెట్టుకున్నాడు, చీకటి పడ్డాక దానివైపు చూడలేకపోయాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకున్నాడు జేబులో, దాని కాడ విరిగింది. ఇదొక్కటే విరగనిది, పైగా నలుగురి ముందూ వినిపించబోయేది. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకి, నిండు సభలో, తన భార్య ఉంటుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, కూతురికి తప్ప.

"మళ్ళీ నూట పన్నెండో బార్ నుంచి," అంది స్వరకర్త. మూడో పెన్సిలు దొరికింది.

*

శుక్రవారం మధ్యాహ్నం కూతురు రైలు దిగి నేరుగా గోదాంకే వచ్చింది. వేరే ఊళ్ళో బట్టల కార్ఖానాలో కరెంటు మెషీన్ల మీద పని చేసే పిల్ల. తల్లి చేతి కింద కుట్టు నేర్చుకున్నది. చూపుడువేలి చివర తల్లికి ఉన్నట్టే సూది గుచ్చిన నల్లమచ్చ ఉంది. మూలనున్న కుర్చీలో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మాస్టారు ఆ వేళ పదకొండు చోట్లనీ కాగితం చూడకుండా వాయించాడు. ఒక్కో చోటూ రాగానే ఓరకంట ఆ మూలకి చూస్తున్నాడు. అదిగో, ఇప్పుడు గుర్తుపడుతుంది. ఇదిగో, ఇప్పుడు కళ్ళు తుడుచుకుంటుంది.

పిల్ల శ్రద్ధగా విన్నది. అయిపోయాక చప్పట్లు కూడా కొట్టింది.

"ఎలా ఉంది అమ్మడూ?" అన్నాడు మెట్లు దిగుతూ.

"బావుంది నాన్నా. ఆ తలుపు కిర్రుమన్న చోట భలే నవ్వొచ్చింది."

"మరి, నాది?"

"నీది..." అంది. మెట్టు మీద ఆగి తండ్రి ముఖం చూసింది. "అమ్మ మెషీనన్నావు ఫోన్లో. ఎక్కడొస్తుందా అని చూస్తూనే ఉన్నాను. తీసేశారా?"

మాస్టారు కూడా ఆ మెట్టు మీదే ఆగాడు. వయోలా పెట్టె ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "తియ్యలేదు. ఆ టకటక అదే," అన్నాడు.

"ఓహ్. అదా." పిల్ల గబగబా తల ఊపింది. "అవునవును. నేనే సరిగా వినలేదు."

అబద్ధం ఆడటంలోనూ దానికి తల్లి పోలికే. నోటితో అంటుంది, కళ్ళు ఒప్పుకోవు.

దారంతా మాస్టారు పెట్టె మీద వేళ్ళతో ఆ ఆరు దెబ్బలూ కొట్టి చూసుకుంటూ నడిచాడు. ఇంటికి రాగానే పెట్టె కూడా తెరవకుండా వెనక గదిలోకి వెళ్ళి మెషీను మీద గుడ్డ తీశాడు. "ఒకసారి తొక్కి చూపించు," అన్నాడు.

"ఇప్పుడా?"

"నా నల్ల ప్యాంటు నడుం దగ్గర వదులైపోయింది. ఎలాగూ కుట్టాలి."

పిల్ల ప్యాంటు తిరగేసి, కుట్టు విప్పి, రెండంగుళాలు మడిచి గుండుసూదులు పెట్టింది. బాబిన్‌లో నల్లదారం చుట్టింది. కూర్చున్న తీరు, కుర్చీ ముందుకి జరుపుకోవడం, కాలివేళ్ళతో చెప్పు పక్కకి నెట్టడం అన్నీ తల్లివే. మాస్టారు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మెషీను మొదలైంది. టకటకటకటకటక. నడుం చుట్టూ ఒక వరస నున్నగా పోయింది. ఎక్కడా ఆగలేదు.

"ఆ నత్తి ఏదీ?" అన్నాడు.

"ఏ నత్తి?"

"బెల్టు అతుకు దగ్గర పట్టేసేది కాదూ? ఆగి ఆగి పోయేది."

పిల్ల వంగి బెల్టుని చూసింది. "అతుకు బానే ఉంది నాన్నా. ఈ మెషీను ఎప్పుడూ పట్టెయ్యలేదు. నీళ్ళలా పోతుందని అమ్మ అనేది."

"నువ్వు మరిచిపోయావు."

"సరే, మరిచిపోయాన్లే," అని ఇంకో వరసకి గుడ్డ తిప్పుకుంది. తండ్రితో వాదన పెట్టుకుంటే కుట్టు వంకరపోతుంది.

ఆయన విసుగ్గా ముందు గదిలోకి వచ్చి వయోలా తీశాడు. చెవిలో ఉన్నదాన్ని కాదంటున్నారు. ముప్ఫయ్యేళ్ళు విన్నవాడికి తెలియదా, నాలుగు రోజులకని వచ్చిన పిల్లకి తెలుస్తుందా. మనసు చెదిరినప్పుడల్లా వాయించుకునే పాత సాధన ముక్క ఒకటి ఉంది ఆయనకి. చిన్నప్పుడు గురువు రాసిచ్చింది, నెమ్మదిగా మెట్లెక్కి దిగే ముక్క. దాన్ని మొదలుపెట్టాడు. మొదటి వరస ముగించి, కమాను ఎత్తి, తీగ కొంచెం దిగినట్టుంటే బిరడా తిప్పుకుంటున్నాడు.

వెనక గదిలోంచి వినిపించింది. టక్... టక్... టకటకటక.

చెయ్యి బిరడా మీదే ఉండిపోయింది. అదే చప్పుడు. గోదాంలో తను కొట్టేది కాదు, నిజంగా అదే.

గబుక్కున రెండో వరస అందుకున్నాడు, ఆ చప్పుడుతో కలిసి వాయించాలని. కమాను తీగని తాకిందో లేదో, మెషీను ఆగిపోయింది. వాయించినంతసేపూ లేదు. వరస ముగిసి, ఆఖరి స్వరం గదిలో పూర్తిగా చల్లారాక, చక్రం మీద చెయ్యి పడింది. టక్... టక్...

మూడో వరస అలాగే. నాలుగోదాన్ని కావాలని సాగదీశాడు. ఆఖరి స్వరాన్ని కమాను చివరిదాకా లాగి, మళ్ళీ వెనక్కి లాగి, ఊరికే పట్టుకుని కూర్చున్నాడు. మెషీను అంతసేపూ ఆగింది. కమాను ఎత్తాడు. మెషీను కదిలింది.

వయోలా చేత్తోనే పట్టుకుని వెనక గది గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. "ఎందుకాపుతున్నావు?" అన్నాడు.

పిల్ల ప్యాంటు మీద నుంచి తల ఎత్తింది. "ఏంటి?"

"ఇందాక ఆపలేదు. ఇప్పుడెందుకు ఆపుతున్నావు?"

"ఇప్పుడు నువ్వు వాయిస్తున్నావుగా," అంది. అదేదో అడగాల్సిన విషయమే కానట్టు అంది. అప్పుడు తండ్రి ముఖం చూసి, దారం తెంపడం ఆపి, మెల్లగా కత్తెర కింద పెట్టింది.

"నీకు తెలీదా నాన్నా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నేను దీని కింద కూర్చుని గుండుసూదులు ఏరేదాన్ని, చిన్నప్పుడు. అమ్మ కాలు ఆగిపోయేది. ఏంటమ్మా ఆపావు అంటే, ఉండవే, నాన్న ఆ ముక్క అవ్వనీ అనేది. నువ్వు కమాను ఎత్తగానే చెయ్యి చక్రం మీద వేసేది. నువ్వు పెన్సిలుతో ఏదో రాసుకుంటున్నప్పుడు, కాగితం తిప్పుకుంటున్నప్పుడు, ఆ కాస్త సందులో నాలుగు కుట్లు వేసుకునేది. నాకూ అదే అలవాటైపోయింది. నువ్వు వాయిస్తుంటే కాలు దానంతటదే ఆగుతుంది."

"ఎప్పుడూ మోగుతూనే ఉండేది," అన్నాడాయన మొండిగా. "నేను సాధన చేస్తున్నంతసేపూ."

"నువ్వు వాయించేటప్పుడు అది ఎప్పుడు మోగింది నాన్నా? నువ్వు ఆపినప్పుడు మోగేది. నువ్వు ఆపితేనే కదా నీకు వినిపించేది."

మాస్టారు ఆ గదిలో ఉన్న ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. కొలతలకి వచ్చినవాళ్ళు కూర్చునే పీట.

"నాకొక్కసారి కూడా చెప్పలేదేం మీ అమ్మ?"

"చెప్పాలనుకుంటే కదా. నీకు తెలుసనే అనుకున్నాం ఇద్దరం." పిల్ల ప్యాంటు మడత సరిచేస్తూ, "బట్టలు ఆలస్యమయ్యాయని ఎంతమందితో మాటలు పడేదో. మా ఆయన సాధనండీ అని చెప్పేది గర్వంగా. నువ్వు ఊళ్ళో లేని రోజు చూడాలి, పూనకం వచ్చినట్టు కుట్టేది," అని నవ్వబోయింది. తండ్రి నవ్వలేదు.

ఆయనకి గుర్తొస్తున్నది ఒక్కటే. నన్ను వాయించే వాయిద్యం. ఎంతమంది ముందు అన్నాడా మాట! ఇంటికి ఎవరొచ్చినా, టీ కప్పు చేతికివ్వగానే, ఆవిడ వింటుండగానే. అన్నప్పుడల్లా ఆవిడ కూడా అందరితో కలిసి నవ్వేది. ఒక్కసారంటే ఒక్కసారి, అదేం లేదండీ, నేనాపుతాను అని ఉంటే ఏం పోయేది! అననిచ్చాడా అసలు? సిగ్గుతో ఆయన చెవులు మండాయి. ఆ సిగ్గు చూపించుకోవడానికి మనిషి లేదు.

*

శనివారం చివరి రిహార్సల్‌కి ఆయన అరగంట ముందే వెళ్ళాడు. స్వరకర్త అప్పటికే వచ్చి, అచ్చైన కార్యక్రమ పుస్తకాల కట్ట విప్పుతోంది. తెల్ల అట్ట, చిన్న పుస్తకం. తెరిస్తే మొదటి పేజీలోనే ఉంది, నల్లటి అక్షరాల్లో. 'మా ఇంట్లో రెండు వాయిద్యాలు. ఒకటి నేను వాయించేది, రెండోది నన్ను వాయించేది.' దాని కింద, ఒకే ఇంట్లో ఒకరినొకరు వినకుండా మోగే చప్పుళ్ళ గురించి ఈ రచన, అని రాసింది.

"మీకు సర్‌ప్రైజ్ ఇద్దామని చెప్పలేదు మాస్టారూ," అంది ఆ పిల్ల ఆశగా.

ఆయన పుస్తకం మూసి చేతిలో పట్టుకున్నాడు. "అమ్మాయ్, నీకు నేను తప్పు చెప్పాను," అన్నాడు.

మొత్తం చెప్పాడు. చెప్పడం చేతకాని మనిషి, ముందుది వెనక, వెనకది ముందు చెప్పాడు. ఆ పిల్ల బుద్ధిగా విన్నది. కళ్ళు తడిశాయి కూడా. "ఎంత మంచి సంగతి!" అంది.

"అందుకని, ఆ ఏడో దెబ్బ ఖాళీ ఒక దెబ్బ కాకుండా, అక్కగారి పాట ముగిసేదాకా ఉంచుదాం. పదకొండు చోట్లా. నేను ఆగుతాను."

"అంటే ఎన్ని దెబ్బలు?"

"ఎన్నని ఎలా చెప్పను? ఆవిడ ముగించేదాకా."

ఆ పిల్ల పెన్సిలు కొరికింది. స్వరాల కాగితాన్ని బల్ల మీద పరిచి, వేలితో కింద వరసలు చూపించింది. "చూడండి. మీ దెబ్బ పట్టుకుని చెల్లో వస్తుంది. చెల్లో పట్టుకుని రెండో వయొలిన్. అందరూ ఇదే లెక్క మీద నెల్లాళ్ళు సాధన చేశారు. పదకొండు చోట్ల లెక్క తీసేస్తే నలుగురూ నాలుగు దారులు పడతారు. రేపే కదండీ. ఇంకో వారం ఉన్నా చూసేదాన్ని."

"ఆవిడ అలా కాదమ్మా," అన్నాడు మాస్టారు. "ఇందులో ఉన్నది ఆవిడ కాదు. ఎవరో గయ్యాళి మనిషి."

"మాస్టారూ," అంది ఆ పిల్ల. ఆయన ముంజేతి మీద చెయ్యి వేసింది. దయగానే అంది, అందుకే ఎక్కువ నొప్పెట్టింది. "మీరిచ్చింది చప్పుడు. నేను దాన్ని ముక్కలో పెట్టాను. ఇప్పుడది ఆవిడ కాదు, మీరూ కాదు. అది ముక్కకి చెందినది. నా మొదటి పెద్ద సభ ఇది. దయచేసి రాసినట్టు వాయించండి."

ఆ పిల్ల చెప్పిందాంట్లో తప్పేముంది? ఏ స్వరకర్తైనా అదే అంటాడు. ఇచ్చిన చేత్తోనే ఇంకొకరి ఇంట్లో జొరబడి వస్తువులు సర్దడమేమిటి? పైగా తప్పు రాసింది ఆ పిల్ల కాదు, చెప్పింది తను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది వ్యవహారం.

"సరే తల్లీ," అన్నాడు.

ఆ రోజు రాసింది రాసినట్టు వాయించాడు. అక్కగారు ఏ కళనుందో, ఆ మాట మళ్ళీ అంది. "మాస్టారూ, నా ఆఖరి స్వరం మింగేస్తున్నారండీ." ఆయన ఆవిడ వైపు చూసి, "మింగేశానక్కగారూ," అన్నాడు. ఆవిడకి ఆ జవాబు అర్థం కాలేదు. వయొలిన్ భుజాన పెట్టుకుంటూ రెండుసార్లు ఆయన్ని చూసింది.

*

ఆదివారం సభ నిండింది. కూతురు మూడో వరసలో కూర్చుంది. చేతిలో తెల్ల అట్ట పుస్తకం ఉంది. తెరిచి మొదటి పేజీ చదువుతూ ఉండటం మాస్టారు తెర పక్క నుంచి చూశాడు. చదివి, మూసి, బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది.

నలుగురూ వెళ్ళి కూర్చున్నారు. నడుం బిగించి కుట్టిన నల్ల ప్యాంటు సరిగ్గా పట్టింది. అక్కగారు శ్వాస తీసుకున్న చప్పుడుతో ముక్క మొదలైంది. తలుపు కిర్రుమంది, కుళాయి కారింది, గురక వచ్చింది, జనం సన్నగా నవ్వారు. మెషీను వచ్చింది. ఒకటో చోటు, ఏడో దెబ్బ ఖాళీ, మళ్ళీ టక్. అక్కగారి పాట మీద పడింది. రెండో చోటు. మూడు. మాస్టారి చెయ్యి ముప్ఫయ్యేళ్ళ చెయ్యి, దానంతటది పోతోంది. నాలుగు. ఐదు. పడ్డప్పుడల్లా ఆయనకి ఆ తెల్ల పుస్తకంలోని గయ్యాళి మనిషి కనబడుతోంది, సభలో అందరికీ కనబడుతోంది. వెనక గదిలో కాలు ఎత్తిపట్టుకుని కూర్చున్న మనిషి ఎవరికీ కనబడటం లేదు.

ఆరో చోట ఆరు దెబ్బలు కొట్టాడు. ఏడోది ఖాళీ. ఆ తర్వాతి దెబ్బకి చెయ్యి దిగలేదు.

కమాను కర్ర తీగకి అంగుళం పైన ఆగింది. లెక్క ప్రకారం గుర్రుగారు చెల్లోతో అందుకున్నాడు, రెండు స్వరాలు ఒంటరిగా వాయించి బెదిరిపోయి ఆపేశాడు. తమ్ముడి కమాను సగం కదిలి నిలబడింది. లెక్కల మాస్టారు తప్పాడు! గుర్రుగారు కళ్ళు ఇంత చేసుకుని ఆయన్నే చూస్తున్నాడు. మొదటి వరస చివర స్వరకర్త రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్కగారు ఒక్కతే వాయిస్తోంది. ఆవిడ కళ్ళు కాగితం మీద నుంచి లేచి మాస్టారి కమాను మీదికి, అక్కడి నుంచి ఆయన ముఖం మీదికి వెళ్ళాయి. ఆయన చోటు మరిచిపోయిన మనిషిలా లేడు. వింటున్న మనిషిలా ఉన్నాడు. మూడు నెలల్లో మొదటిసారి ఆవిడ తన పాటని తొందరపడకుండా చివరిదాకా తీసుకెళ్ళింది. ఆఖరి స్వరాన్ని సన్నం చేసి, ఇంకా సన్నం చేసి, కమాను ఎత్తింది.

అప్పుడు మాస్టారు మొదలుపెట్టాడు. టక్... టక్... టకటక. చెల్లో దాన్ని పట్టుకుంది. చెల్లోని పట్టుకుని తమ్ముడు వచ్చాడు.

ఏడో చోట అందరూ కమానులు ఎత్తి ఆగారు. ఎనిమిదో చోట కూడా. ఎవరూ లెక్కపెట్టడం లేదు. తొమ్మిదో చోట అక్కగారు స్వరాన్ని ఎంత సాగదీసిందంటే, సభలో ఒకాయన దగ్గబోయి ఆపుకున్నాడు. పదకొండో చోటు దాటి ముక్క ముగిసేదాకా మాస్టారు కూతురి వైపు చూడలేదు.

*

చప్పట్లయ్యాక, వేదిక వెనక గదిలో పెట్టెలు సర్దుకుంటుంటే స్వరకర్త వచ్చింది. ముఖం జేవురించి ఉంది. "నాకు మాటిచ్చారు మాస్టారూ," అంది.

"ఇచ్చాను. తప్పాను."

ఆ పిల్ల ఇంకా ఏదో అనబోయి, అనలేక, చంకలోని స్వరాల కాగితాలు బల్ల మీద పెట్టింది. చెవి మీది పెన్సిలు తీసి ఆరో చోటు వెతికి పట్టుకుంది. ఏడో దెబ్బ ఖాళీ గుర్తుని రబ్బరుతో చెరిపింది. "ఎన్ని దెబ్బలు ఆగారు? నేను లెక్కపెట్టలేకపోయాను," అంది గొంతు తగ్గించి.

"నేనూ పెట్టలేదమ్మా."

గుర్రుగారు పెట్టె మూత వెయ్యడం ఆపి తిరిగి చూశాడు. ఆ మాట ఈయన నోట వస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

"మరి ఇక్కడ ఏం రాయను?"

"పక్కవాళ్ళది అయ్యేదాకా అని రాయి." ఆయన తటపటాయించి అడిగాడు. "ఆ పుస్తకంలో మాట కూడా మార్చడానికి కుదురుతుందా?"

ఆ పిల్ల తలుపు వైపు చూసింది. జనం మెట్లు దిగుతున్నారు. చాలామంది చేతుల్లో తెల్ల అట్టలున్నాయి, కొందరు సంచుల్లో పెట్టుకుంటున్నారు. "ఇంకోసారి అచ్చు వేస్తే మారుస్తాను మాస్టారూ. ఇవైతే వెళ్ళిపోయాయి," అంది.

"ఇంకోసారి ఎప్పుడు?"

ఆ పిల్లకి తెలియదు. కొత్త ముక్కలు మొదటిసారి మోగడమే గగనం. రెండోసారి మోగేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు.

బయట కూతురు ఎదురుచూస్తోంది. ఏడ్చిన ముఖం. తండ్రి చేతిలోంచి పెట్టె తీసుకుంది. "ఆరోసారి వచ్చింది నాన్నా అమ్మ," అంది. అంతకుముందు ఐదుసార్లు వచ్చిందెవరో ఇద్దరికీ తెలుసు.

సోమవారం పొద్దున్నే పిల్లని రైలెక్కించి వచ్చాడు. ఇల్లంతా ఎండ పడి ఉంది. వెనక గదిలో మెషీను మీద గుడ్డ కప్పలేదు, పిల్ల మరిచిపోయింది. ప్యాంటు నుంచి తెంపిన నల్లదారం ముక్కలు కింద పడి ఉన్నాయి. వాటిని ఊడవలేదు. గుడ్డ కప్పబోయి, అది కూడా చెయ్యలేదు. కుర్చీని ఆవిడ కూర్చునేంత దగ్గరగా మెషీను వైపు జరిపాడు.

ముందు గదిలోకి వచ్చి వయోలా తీశాడు. గురువు రాసిచ్చిన పాత ముక్క. మొదటి వరస నెమ్మదిగా వాయించాడు. ముప్ఫయ్యేళ్ళలో ఆ వరసని ఎవరో వింటున్నారన్న ధ్యాసతో వాయించడం ఇదే మొదలు. ఎక్కడా తొందరపడలేదు, ఎక్కడా సాగదియ్యలేదు. పనున్న మనిషిని ఎక్కువసేపు ఆపకూడదు. ఆఖరి స్వరం అయింది. కమాను ఎత్తాడు.

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆయన కమాను ఎత్తిపట్టుకునే కూర్చున్నాడు. చెయ్యి లాగుతున్నా దించలేదు. కాసేపటికి వెనక గది వైపు తల తిప్పి, పక్కగదిలో ఉన్న మనిషికి వినపడేంత గొంతుతో, ముప్ఫయ్యేళ్ళలో ఎన్నడూ అనని మాట అన్నాడు.

"అయిందోయ్. ఇక నువ్వు కుట్టుకో."